ఒకే డిస్క్, రెండు ఓఎస్‌లు: రీడ్ స్పీడ్ పోల్చిన నా అనుభవం

డిస్క్ వేగం కొలిచే టూళ్లలో విండోస్‌లోని క్రిస్టల్‌డిస్క్‌మార్క్ ఇచ్చిన అంకెనీ, లినక్స్‌లోని హెచ్‌డీపార్మ్ ఇచ్చిన అంకెనీ పక్కపక్కన పెడితే అది పోలిక కాదు. మొదటిది ఒకేసారి బోలెడు రిక్వెస్టులు పంపుతుంది. రెండోది డిస్క్ మొదటి భాగాన్ని ఓ 3 సెకన్లు వరుసగా చదివి ఆపేస్తుంది. అందుకే రెండు ఓఎస్‌లలోనూ నడిచే ఫియో అనే టెస్ట్ టూల్ ఒక్కటే వాడాను. విండోస్‌లో దానికి థ్రెడ్ ఆప్షన్ తప్పనిసరి. ఫైల్ పాత్‌లో డ్రైవ్ అక్షరం తర్వాత వచ్చే కోలన్ ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి, లేకపోతే ఫియో దాన్ని రెండు ఫైళ్ల పేర్లుగా చదువుతుంది.

అసలు చిక్కంతా క్యాషే. ఒకసారి చదివిన ఫైల్ ర్యామ్‌లో ఉండిపోతుంది, రెండోసారి డిస్క్‌ దాకా వెళ్లే పనే ఉండదు. సాటా ఎస్‌ఎస్‌డీ నిజంగా ఇవ్వగలిగింది సెకనుకు సుమారు 550 ఎంబీ. అంతకు మించి వేలల్లో కనిపిస్తే అది ర్యామ్ వేగమే. ఫియోలో డైరెక్ట్ విలువ 1 పెడితే రెండు ఓఎస్‌లూ క్యాష్‌ను పక్కనపెడతాయి. మ్యాక్‌లో అచ్చంగా ఇలాంటి సదుపాయం లేదు కాబట్టి అక్కడ ప్రతి టెస్టుకు ముందు క్యాష్‌ను ఖాళీ చేసే పర్జ్ కమాండ్ కూడా నడపాలి.

టెస్ట్ ఫైల్‌ను 16 జీబీ పెట్టి, ర్యాండమ్ డేటాతో నింపాను. సున్నాలతో నింపితే కంప్రెషన్ ఉన్న ఫైల్ సిస్టమ్‌లో డిస్క్ నుంచి చదివేది దాదాపు ఏమీ ఉండదు. ఖాళీ భాగాన్ని నేరుగా చదివినా అంతే: ట్రిమ్ అయిన (ఖాళీ అని ఓఎస్ డిస్క్‌కు చెప్పేసిన) చోట చాలా ఎస్‌ఎస్‌డీలు ఫ్లాష్‌ను ముట్టుకోకుండానే సున్నాలు పంపేస్తాయి.

ఏ ఓఎస్‌నైనా దాని సొంత ఫైల్ సిస్టమ్ మీదే కొలవాలని నా అభిప్రాయం: విండోస్‌కి ఎన్‌టీఎఫ్‌ఎస్, లినక్స్‌కి ఈఎక్స్‌టీ4. లినక్స్ నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్ చదివిస్తే మనం కొలిచేది ఆ డ్రైవర్‌ని. పైగా ఫాస్ట్ స్టార్టప్ (షట్‌డౌన్‌లో విండోస్ పూర్తిగా ఆగకుండా కొంత స్థితిని డిస్క్‌లో దాచుకునే సదుపాయం) ఆన్‌లో ఉండి విండోస్‌ను షట్‌డౌన్ చేస్తే ఆ పార్టిషన్‌ను లినక్స్ రీడ్-ఓన్లీగా తెరుస్తుంది, లేదా అసలు తెరవదు. రీస్టార్ట్ చేస్తే ఈ బెడద లేదు. హార్డ్ డిస్క్ అయితే ఇంకో సంగతి: లోపలి ట్రాకుల వేగం బయటి వాటిలో సుమారు సగమే. కాబట్టి చివర్లో ఉన్న పార్టిషన్ ఏ ఓఎస్‌దైతే అది ఊరికే ఓడిపోతుంది. డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ ఒకవైపే ఉందేమో కూడా చూసుకోవాలి.

1 ఎంబీ బ్లాకులు, క్యూ డెప్త్ (ఒకేసారి డిస్క్‌కు పంపి ఉంచే రిక్వెస్టుల సంఖ్య) 8తో వరుసగా చదివిస్తే రెండూ దగ్గర దగ్గరే వచ్చాయి. అక్కడ హద్దు డిస్క్‌ది, ఓఎస్‌ది కాదు. తేడా ఉంటే 4 కేబీ ర్యాండమ్ రీడ్, క్యూ డెప్త్ 1 దగ్గరే తేలాలి. ప్రతి చిన్న రిక్వెస్టుకూ కెర్నల్, డ్రైవర్, ఫైల్ సిస్టమ్ తీసుకునే మైక్రోసెకన్లు అక్కడ సూటిగా లెక్కలోకి వస్తాయి. ఆ టెస్టును 60 సెకన్ల చొప్పున చాలాసార్లు నడిపి, మధ్యలో డిస్క్‌ను చల్లారనిచ్చి, సగటు లేటెన్సీతో (ఒక్కో రిక్వెస్టుకు పట్టే సమయం) పాటు 99వ పర్సంటైల్‌నూ (వందలో 99 రిక్వెస్టులు ఎంతలోపు పూర్తయ్యాయో ఆ సమయం) రాసుకున్నాను. రెండు రిపోర్టుల్లోనూ ఒకే యూనిట్ చూడాలి. ఎంబీకీ (10 లక్షల బైట్లు) ఎంఐబీకీ (1024 × 1024 బైట్లు) మధ్య దాదాపు 5 శాతం తేడా ఉంది, చాలాసార్లు ఓఎస్‌ల మధ్య తేడా అంత కూడా ఉండదు.