స్టెప్ సీక్వెన్సర్: నాబ్‌ల లెక్క తర్వాత, ముందు జాక్‌లు చూడండి

మాడ్యులర్ సింథసైజర్ (కేబుల్స్‌తో కలిపి వాయించే విడివిడి మాడ్యూళ్ల వాద్యం) కోసం స్టెప్ సీక్వెన్సర్ తీసుకోవాలనుకునే ప్రతివాళ్లూ ముందు అడిగేది ఎన్ని స్టెప్పులున్నది తీసుకోవాలనే. 8 చాలా, 16 కావాలా, 64 ఉంటే ఇంకా మంచిదా? నన్నడిగితే ఆ లెక్క ఆఖర్న చూసుకోవచ్చు. బయటి క్లాక్ (తాళం నడిపే పల్స్‌లు) తీసుకుంటుందా, మొదటి స్టెప్‌కి పంపే రీసెట్ ఇన్‌పుట్ ఉందా, ఒక్కో స్టెప్‌కీ విడిగా గేట్ (ఆ స్టెప్ ఆన్‌లో ఉందని చెప్పే సిగ్నల్) అవుట్‌పుట్ ఉందా, ముందు ఇవి చూడండి. ఈ మూడూ ఉంటే 8 స్టెప్పులతోనే బోలెడంత చేయొచ్చు. లేకపోతే 64 ఉన్నా అది ఒకే ముక్కని తిప్పి తిప్పి వాయిస్తూ కూర్చుంటుంది, మీకూ రెండ్రోజుల్లో విసుగొస్తుంది.

నిజానికి అది చేసే పని చాలా చిన్నది. క్లాక్ నుంచి ఒక పల్స్ రాగానే ఒక స్టెప్ ముందుకి జరుగుతుంది, ఆ స్టెప్‌కున్న నాబ్ ఎంత తిప్పి ఉంటే అంత వోల్టేజీ బయటికి పంపుతుంది, చివరికి చేరాక మళ్లీ మొదటికొస్తుంది. ఆ వోల్టేజీ ధ్వని పుట్టించే ఆసిలేటర్‌కి వెళ్తే స్వరం, ఫిల్టర్‌కి వెళ్తే ధ్వని మెరుపు, ధ్వని ఎలా లేచి ఎలా తగ్గాలో నడిపే ఎన్వలప్‌లో డికేకి (తగ్గే కాలానికి) వెళ్తే నోటు పొడవు. ఎక్కడికి వెళ్తోందో సీక్వెన్సర్‌కి పట్టదు, మనం కేబుల్ ఎటు గుచ్చితే అటే. 1960ల్లో సింథసైజర్లు తయారుచేసే డాన్ బుక్లా శాన్‌ఫ్రాన్సిస్కో టేప్ మ్యూజిక్ సెంటర్ వాళ్ల కోసం చేసిన మొదటి సిస్టమ్‌లో పియానో లాంటి కీబోర్డ్ లేదు కానీ సీక్వెన్సర్ ఉంది. అప్పటిదాకా టేపుని ముక్కలు ముక్కలుగా కోసి అతికిస్తే తప్ప రాని వరసలు, అది వచ్చాక నాబ్‌లు తిప్పితే వచ్చేశాయి. మోగ్ కంపెనీ సీక్వెన్సర్ మోగ్ 960 కూడా అంతే, నాబ్‌ల వరసకి 8 స్టెప్పుల చొప్పున 3 వరసలు. ఇవాళ యూరోర్యాక్‌లో (మాడ్యూళ్ల ఒక ప్రామాణిక పద్ధతి) దొరికే చాలా సీక్వెన్సర్ల రూపం ఇంకా దాదాపు అదే.

కొత్తవాళ్లకి మొదట తగిలే చిక్కు శ్రుతి. యూరోర్యాక్‌లో ఆక్టేవ్‌కి (ఒక స్థాయికి) 1 వోల్ట్ లెక్క, అంటే ఒక సెమీటోన్ (పక్క పక్క స్వరస్థానాల మధ్య ఎడం) 1 వోల్ట్‌లో పన్నెండో వంతు, సుమారు 0.083 వోల్ట్. మీ నాబ్ 0 నుంచి 5 వోల్ట్‌ల దాకా తిరుగుతుందనుకోండి, అందులో 5 ఆక్టేవ్‌లు, 60 సెమీటోన్‌లు ఇరుక్కుని ఉంటాయి. నాబ్ మొత్తం తిరిగేది ఓ 300 డిగ్రీలు, కాబట్టి ఒక్కో సెమీటోన్‌కి దక్కేది 5 డిగ్రీలు. ఊపిరి బిగబట్టి తిప్పినా పక్క స్వరంలోకి జారిపోతుంది. వోల్టేజీని దగ్గరి స్వరానికి సరిచేసే క్వాంటైజర్ పెట్టేయడం చాలామంది చెప్పే మందు, మంచిదే, కానీ దానికన్నా ముందు సీక్వెన్సర్‌కీ ఆసిలేటర్‌కీ మధ్య వోల్టేజీని తగ్గించే ఒక అటెన్యుయేటర్ పెట్టి చూడండి. రేంజ్‌ని 1 వోల్ట్‌కి కుదిస్తే అదే నాబ్‌లో ఒక సెమీటోన్‌కి 25 డిగ్రీలొస్తాయి, చెవితోనే శ్రుతి చేసుకోవచ్చు. పైగా అటెన్యుయేటర్ నాబ్ ఒక్కటి తిప్పితే వరస మొత్తం సాగడం, ముడుచుకోవడం వినిపిస్తుంది, దాని తర్వాత క్వాంటైజర్ ఉంటే ఆ సాగడం కాస్తా కొత్త కొత్త స్వరాలై పడుతుంది. నా మటుకు నాకు సీక్వెన్సర్‌లో నాబ్‌లు ముట్టుకోకుండా వరస మార్చడానికి ఇంతకన్నా మంచి దారి కనిపించలేదు.

ఇక అసలు విషయం, రీసెట్. ఆరో స్టెప్ గేట్ అవుట్‌పుట్ నుంచి ఒక కేబుల్ తీసి రీసెట్‌లో గుచ్చండి. రీసెట్ రాగానే దూకే రకమైతే, ఆరో స్టెప్ వెలిగీ వెలగకముందే మొదటికి దూకేస్తుంది కాబట్టి మీకు 5 స్టెప్పుల వరస తయారైంది. పక్కన ఇంకో సీక్వెన్సర్ అదే క్లాక్ మీద 8 స్టెప్పులూ వాయిస్తుంటే, రెండూ మళ్లీ కలిసి మొదటి స్టెప్ దగ్గరికి వచ్చేది 40 క్లాక్‌ల తర్వాతే. కేబుల్‌ని ఎనిమిదో గేట్‌లోకి మార్చితే 7 స్టెప్పులు, అప్పుడు 56. రెండు చిన్న వరసలు ఒకదాని మీద ఒకటి జారుతుంటే అంత పొడవైన ఆవర్తనం వస్తుంది, అందులో మీరు తిప్పిన నాబ్‌లు మాత్రం 15 దాటవు.

అయితే ఊరికే జారనిస్తే కాసేపటికి వినేవాళ్లకి సమం ఎక్కడో అందదు. అందుకే నేను ఎక్కువగా వాడే ప్యాచ్ (కేబుల్స్ కలిపే తీరు) ఇంకొకటి. 5 స్టెప్పుల వరసని అలాగే ఉంచి, క్లాక్ పల్స్‌లని లెక్కపెట్టి కొన్నింటికోసారి ఒకటే పంపే క్లాక్ డివైడర్ నుంచి 16 క్లాక్‌లకోసారి వచ్చే పల్స్‌ని కూడా రీసెట్‌కి కలుపుతాను, రెండు గేట్లని ఒకే జాక్‌కి పంపడానికి ఒక ఓఆర్ మాడ్యూల్ ఉంటే సరి. అప్పుడు 5, 5, 5 వాయించి ఒక్క స్టెప్ మిగిలి, మళ్లీ మొదటికొస్తుంది. ఆ మిగిలిన ఒక్కటీ మొదటి స్వరమే కాబట్టి, చివర్లోనూ వెంటనే మళ్లీ మొదట్లోనూ రెండుసార్లు పడుతుంది. డ్రమ్స్ 16 మీదే ఉంటాయి, పైన బేస్ తడబడుతున్నట్టే ఉంటుంది కానీ ఎప్పుడూ పడిపోదు. రీసెట్‌కి గుచ్చిన కేబుల్‌ని వాయిస్తూ వాయిస్తూ ఒక గేట్ నుంచి ఇంకో గేట్‌లోకి మార్చడమే దీంట్లో వాయించడం.

ఇక్కడ ఒక చిరాకు ఉంది, తెలియకపోతే సీక్వెన్సర్ పాడైందనే అనుకుంటారు. డివైడర్ పంపే రీసెట్, మామూలు క్లాక్ ఒకే క్షణంలో వస్తే ఏది ముందు చేరిందన్న దాన్నిబట్టి ఫలితం మారిపోతుంది. కొన్ని సీక్వెన్సర్లు రీసెట్ రాగానే మొదటి స్టెప్‌కి దూకేస్తాయి. వీటిలో రీసెట్ వెంట్రుకవాసి ముందొస్తే మొదటికి దూకి, వెంటనే వచ్చిన క్లాక్‌తో రెండో స్టెప్‌కి జరిగిపోతాయి, మొదటి స్వరం ఎక్కడో మాయమైపోతుంది. ఇంకొన్ని రీసెట్ వచ్చినా కదలకుండా ఆగి, తర్వాతి క్లాక్‌కి మొదటి స్టెప్ వాయిస్తాయి. వీటిలో క్లాక్ ముందు పడితే వరస ఒక స్టెప్ ఆలస్యంగా మొదలవుతుంది. మీది మొదటి రకమైతే రీసెట్ దారిలో, రెండో రకమైతే క్లాక్ దారిలో 1, 2 మిల్లీసెకన్ల ట్రిగ్గర్ డిలే (పల్స్‌ని కాస్త ఆపి పంపే మాడ్యూల్) పెట్టండి, గొడవ వదిలిపోతుంది. మాన్యువల్‌లో ఇది రాసి ఉంటే మీ అదృష్టం.

గేట్ల గురించి ఒక్క ముక్క. పక్క పక్క స్టెప్పుల గేట్లు ఆన్‌లో పెడితే కొన్ని సీక్వెన్సర్లలో అవి కలిసిపోయి ఒకే పొడవాటి గేట్ అవుతాయి, ఎన్వలప్ మళ్లీ మొదలవదు, స్వరం మాత్రం మారుతుంది. లెగాటో (స్వరాలు తెగకుండా సాగడం) కావాలంటే అదే బాగుంటుంది. విడివిడిగా పలకాలంటే ఆ గేట్‌నీ క్లాక్‌నీ ఒక ఏఎన్‌డీ లాజిక్ మాడ్యూల్‌లోంచి (రెండూ ఆన్‌లో ఉంటేనే పంపేది) పంపితే చాలు.

రెండో వరస నాబ్‌లుంటే వాటినీ స్వరాలకే వాడేయకండి. క్లాక్ మాడ్యూల్‌కి వేగం మార్చే సీవీ (కంట్రోల్ వోల్టేజీ) ఇన్‌పుట్ ఉంటే రెండో వరసని దాంట్లోకి పంపండి, అప్పుడు ఒక్కో స్టెప్ ఒక్కో పొడవు ఉంటుంది. మోగ్ 960లో మూడో వరసని ఇలా కాలం నడపడానికి వాడుకునే స్విచ్ ముందు నుంచే ఉంది. కాకపోతే ఆ క్లాక్ మీద నడిచే డ్రమ్స్ కూడా దాంతోపాటే ఊగుతాయి, అది కొన్నిసార్లు అద్భుతంగా ఉంటుంది, ఎక్కువసార్లు తలనొప్పి. మేక్ నాయిస్ కంపెనీ రెనే లాంటి సీక్వెన్సర్లు 16 నాబ్‌లని 4 బై 4 గడులుగా పెట్టి, అడ్డానికి ఒక క్లాక్, నిలువుకి ఒక క్లాక్ తీసుకుంటాయి, అక్కడ వరస అనే మాటకే అర్థం వదులైపోతుంది. స్క్రీన్, మెనూలు ఉన్న పెద్ద సీక్వెన్సర్లు నాకు పెద్దగా ఎక్కలేదు. పాటని రాసిపెట్టుకోవడానికి అవి సుఖమే, కానీ చెయ్యి పెట్టి తిప్పేది కనిపించకపోతే మాడ్యులర్ ఎందుకనిపిస్తుంది.

చివరగా, క్లాక్ బదులు ఆసిలేటర్ స్క్వేర్ వేవ్‌ని గుచ్చి చూడండి. అనలాగ్ సీక్వెన్సర్ అయితే చాలావరకు తట్టుకుంటుంది, డిజిటల్‌వి కొన్ని చేతులెత్తేస్తాయి. ఆసిలేటర్ 880 హెర్ట్జ్ దగ్గర ఉంటే 8 స్టెప్పుల వరస సెకనుకి 110 సార్లు తిరుగుతుంది, అంటే మీ సీక్వెన్సరే 110 హెర్ట్జ్ ఆసిలేటర్ అయిపోయింది, 8 నాబ్‌లూ దాని వేవ్ ఆకారం. ఇప్పుడు రీసెట్ కేబుల్‌తో స్టెప్పులు తగ్గించండి. 8 దగ్గరున్నది షడ్జం అనుకుంటే 6 దగ్గర శుద్ధ మధ్యమం, 5 దగ్గర శుద్ధ ధైవతం, 4 దగ్గర పై షడ్జం, అన్నీ కచ్చితమైన నిష్పత్తుల్లో పలుకుతాయి. 7 దగ్గర వచ్చేదానికి మాత్రం మనకి అలవాటైన పేరేదీ సరిగ్గా కుదరదు. ఆ సిగ్నల్ సున్నాకి పైనే ఉంటుంది కాబట్టి డీసీని ఆపే మిక్సర్ గుండా పంపి, వాల్యూమ్ తగ్గించుకుని మొదలుపెట్టండి.