గులిమి అనుకున్నాను

ఉగాది ముందు వారం రోజులు ఇంటిల్లిపాదికీ జలుబు, ఒళ్లునొప్పులు. అందరికీ తగ్గిపోయింది. ఆ తర్వాత ఒక పొద్దున ఎడమ చెవికి ఫోన్ పెట్టుకుంటే మా అమ్మ గొంతు వినపళ్ళేదు. లైను కట్టయిందనుకుని కుడి చెవికి మార్చాను. "ఏమ్మా, పలకవేం?" అంటోంది.

చెవిలో దూది కుక్కినట్టుంది, లోపల ఒకటే హోరు. నిలబడితే ఒకపక్కకి తూలుతున్నాను. అనంతపురం పాతవూరులో మా వీధి చివరి మందుల షాపు అబ్బాయి "గులిమి గట్టిపడింటాదక్కా, చుక్కలు ఏసుకో" అన్నాడు. ఆరు రోజులు వేసుకున్నాను. ఆ ఆరు రోజులు గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది.

ఏడో రోజు ఈఎన్‌టీ డాక్టరమ్మ దగ్గరికి పోయాను. చెవిలో లైటు వేసి చూసి, గులిమి లేదన్నారు. బళ్లో పిల్లలకు నేను చూపించే శృతిదండం లాంటిదే తీసి, తట్టి, నా నుదుటి నడుమ ఆనించారు. "ఏ చెవిలో మోగుతోంది?" కుడి చెవిలో. ఆమె ముఖం మారింది. ఎందుకో మీరే చూడండి: ఒక చెవిని వేలితో మూసి, నోరు మూసుకుని 'ఊఁ' అనండి. మూసిన చెవిలోనే గట్టిగా మోగుతుంది. గులిమి అడ్డముంటే నాకూ ఎడమలోనే మోగాలి. బాగున్న చెవికి పోయిందంటే దెబ్బ లోపలి చెవికో, నరానికో తగిలినట్టు. ఆడియోగ్రామ్ అనే వినికిడి పరీక్షలో ఎడమ చెవి 65 డెసిబెల్స్‌కి పడిపోయింది; ఈ అంకె పెరిగేకొద్దీ చెవుడు ఎక్కువన్నమాట.

ఆ రోజే ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు 60 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. నరం మీద గడ్డ లేదని తేల్చుకోడానికి ఎమ్మారై తీయించారు.

"ఎందుకొచ్చింది మేడం?" అని పోయినప్పుడల్లా అడిగాను. విసుక్కోకుండా చెప్పారు. గవదబిళ్ళల వైరస్ చెవుడు తేగలదు. ఆటలమ్మ వైరస్ అయితే నరాల్లో ఏళ్ల తరబడి నిద్రపోయి, లేచిందంటే చెవి మీద పొక్కులు, మూతి వంకర, చెవుడు కూడా; 1907లో రామ్సే హంట్ అనే వైద్యుడు రాసిన జబ్బు అది. నాకు పొక్కుల్లేవు. ఇంకోటి, ఒంటిని కాయాల్సిన కణాలే లోపలి చెవి మీద తిరగబడటం. 1979లో మెక్‌కేబ్ అనే వైద్యుడు దాన్ని వేరే జబ్బుగా గుర్తించాడు. అది వారాల్లో, నెలల్లో రెండో చెవికీ పాకుతుంది. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్రలేదు.

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే భాగం కోక్లియా; బఠాణీ గింజంత ఉండి, గట్టి ఎముకలో దాగి ఉంటుంది. బతికున్న మనిషి చెవిలోంచి ముక్క తీసి పరీక్ష చేయలేరు. "కారణం కోసం చూస్తూ కూర్చోలేం తల్లీ, మనకు మొదటి రెండు వారాలే ముఖ్యం" అన్నారామె. మాత్రలతో చాలక, కర్ణభేరి గుండా సూదితో లోపలికే స్టెరాయిడ్ ఇచ్చారు. మంట, కళ్లు తిరగడం, పది నిమిషాల్లో సర్దుకుంది.

మూడో నెలకి 35 డెసిబెల్స్‌కి వచ్చింది. తూలు పోయింది. హోరు రాత్రిపూట మాత్రం ఉంది. క్లాసులో ఎడమ వరస పిల్లలు "టీచర్" అంటే ఇప్పుడు అటే తిరుగుతున్నాను.

కుడి చెవి బాగుంది. అయినా రోజూ లేవగానే నోరు మూసుకుని ఒకసారి 'ఊఁ' అంటాను. నడిమధ్యన మోగదు, కొంచెం కుడికే.