ఒకే ఫైలు, నాలుగు సెట్లు

మా హైస్కూల్లో బెంచీకి ముగ్గురు. ముప్పై మందికి స్లిప్ టెస్ట్ పెడితే దిద్దేటప్పుడు పది పేపర్లే దిద్దుతున్నట్టు ఉంటుంది. మధ్యలో కూర్చున్నవాడికి లెక్క వస్తే అటూ ఇటూ ఇద్దరికీ వచ్చేస్తుంది, వాడికి తప్పితే ముగ్గురికీ ఒకే చోట ఒకేలా తప్పుతుంది. ఇక ఆప్షన్ల ప్రశ్నలైతే చూసి రాయక్కర్లేదు కూడా, "మూడోది బి" అని పెదవి కదిపితే చాలు. శ్రీకాకుళం జిల్లాలో ఏ లెక్కల మాస్టారిని అడిగినా ఇదే గోడు. దీనికి మందు అందరికీ తెలుసు: ఎ, బి, సి, డి సెట్లు. కానీ ఇరవై మార్కుల స్లిప్ టెస్టుకి కూర్చుని నాలుగు పేపర్లు ఎవరు తయారు చేస్తారు? అందరం అక్కడే ఆగిపోతాం. లేటెక్ (LaTeX) అనే పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్‌తో ఒక్క ఫైల్లోంచే నాలుగూ ఎలా తీస్తున్నానో చెప్తాను.

రెండు సెట్లు చాలవా అని మా హెడ్మాస్టారు అడిగారు, నిజంగా మంచి ప్రశ్న. చాలవు. ఒక బెంచీలో పక్కపక్కన ఇద్దరినీ, వాళ్ల వెనక బెంచీలో అదే చోట ఇద్దరినీ తీసుకోండి. ఈ నలుగురిలో ఎవరికైనా మిగతా ముగ్గురూ పక్కనో, ముందో వెనకో, మూలగానో ఉన్నట్టే. కాబట్టి నాలుగు సెట్లకు తక్కువైతే ఎక్కడో ఒకచోట ఒకే సెట్ పక్కపక్కన పడుతుంది. నాలుగుంటే మాత్రం క్లాసు ఎంత పెద్దదైనా సరిపోతుంది: మొదటి బెంచీ ఎ-బి-ఎ, రెండోది సి-డి-సి, మూడోది మళ్లీ ఎ-బి-ఎ, అంతే. ఐదో సెట్ అవసరమే లేదు.

ఇదివరకు టౌన్లో డీటీపీ చేయించేవాళ్లం. నాలుగు సెట్లంటే ఆయన నాలుగు ఫైళ్లు చేసేవాడు, ప్రశ్నలు కట్ చేసి కింద మీద వేసేవాడు, అందులో ఒక సెట్లో పదకొండో ప్రశ్న రెండుసార్లు వచ్చి పద్నాలుగోది ఎగిరిపోయేది. ప్రూఫ్ చూసి ఒక తప్పు దిద్దమంటే మూడు సెట్లలో దిద్ది నాలుగోదాన్ని మర్చిపోయేవాడు. కీ, అంటే జవాబుల పట్టిక, సంగతి సరేసరి, నాలుగు పేపర్లకూ చేత్తో నాలుగు కీలు రాసుకోవాలి.

ఇప్పుడు నేను వాడేది లేటెక్. దీని అడుగున ఉన్న టెక్‌ని డొనాల్డ్ కనూత్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1970ల చివర్లో తయారు చేశాడు, తన పుస్తకం కొత్త ముద్రణ ప్రూఫుల్లో అక్షరాల తీరు నచ్చక. దానిమీద లెస్లీ లాంపోర్ట్ 1980ల్లో లేటెక్ కట్టాడు. వర్డ్‌లో లాగా పేజీని కంటితో చూస్తూ టైప్ చేయడం ఉండదు. మామూలు టెక్స్ట్ ఫైల్లో ఇది ప్రశ్న, ఇది ఆప్షన్, ఇది సరైన ఆప్షన్ అని గుర్తులు పెట్టి రాస్తాం, తర్వాత రన్ చేస్తే పీడీఎఫ్ వస్తుంది. ప్రశ్నపత్రాల కోసమే ఫిలిప్ హిర్ష్‌హార్న్ అనే గణితాచార్యుడు రాసిన ఎగ్జామ్ క్లాస్ ఉంది, క్లాస్ అంటే ఇక్కడ పేపర్‌కి మూస లాంటిది. మార్కులు కూడుతుంది, జవాబులు చూపించు అని ఒక్క లైను చేర్చితే అదే ఫైలు కీ పేపర్‌గా మారిపోతుంది. ఆప్షన్లు కలపడానికి, అంటే పేక ముక్కల్లా వరుస మార్చడానికి, దానికి తోడు ప్యాకేజీ (పైన తగిలించుకునే అదనపు భాగం) వేరే ఉంది, అది కీ పట్టికని కూడా తనే వేసి ఇస్తుంది.

అసలు కీలకం సీడ్ అనే నంబరు. కంప్యూటర్ ఇచ్చే ర్యాండమ్ నంబర్లు గాల్లోంచి రావు, ఒక లెక్క ప్రకారం ఒకదాని వెనక ఒకటి పుడతాయి. మొదలు ఏ నంబరుతో పెట్టావో అదే సీడ్. ఒకే సీడ్ ఇస్తే ఎన్నిసార్లు రన్ చేసినా అదే వరుస. కాబట్టి ఎ సెట్‌కి ఒక సీడ్, బి సెట్‌కి ఇంకొకటి, అంతే. ఫైలు ఒక్కటే, సీడ్ మార్చి నాలుగుసార్లు రన్ చేయడం. సీడ్ ఇవ్వకపోతే చాలా ప్యాకేజీలు గడియారం చూసి తామే ఒకటి వేసుకుంటాయి. అప్పుడు ఇవాళ ప్రింట్ తీసిన పేపరుకీ రేపు తీసిన కీకీ పొంతన ఉండదు. నేను ప్రతి పేపర్ అడుగున చిన్న అక్షరాల్లో సీడ్ వేసేస్తాను. పిల్లలకు అది ఏదో కోడ్ నంబర్ లాగా కనిపిస్తుంది, నాకు మాత్రం ఆర్నెల్ల తర్వాత కూడా ఆ పేపర్ మళ్లీ పుట్టించుకోడానికి అదొక్కటి చాలు.

ఇందులో ఒక మెలిక ఉంది. కలిపిన తర్వాత ఫైలు మధ్యలో కొత్త ప్రశ్న ఒకటి దూర్చితే ఆ వరుసలో కొన్ని అడుగులు ఎక్కువ పడతాయి, అక్కడి నుంచి కింద ఉన్న ఆప్షన్లన్నీ మారిపోతాయి. అక్షర దోషం దిద్దితే ఫరవాలేదు. ప్రశ్నలు చేర్చినా తీసేసినా మాత్రం పాత కీ చెత్తబుట్టలోకే. అందుకే కీ ఎప్పుడూ పేపర్‌తో పాటు అదే రన్‌లో రావాలి, విడిగా తీయకూడదు.

అయితే ఇదంతా యంత్రం పని. మాస్టారి పని ఏమిటంటే ఏది కదలకూడదో ముందే తేల్చడం, నన్నడిగితే అసలు కష్టం ఇక్కడే. "పైవన్నీ" అనే ఆప్షన్ రెండో స్థానంలోకి వచ్చిందనుకోండి, పైన ఉన్నది ఒకటే! దాన్ని చివరనే బిగించాలి. "ఎ మరియు సి" అనే ఆప్షన్ ఇంకా దారుణం, కలిపాక ఆ ఎ ఎవరో సి ఎవరో ఆ దేవుడికే తెలియాలి, అలాంటివి అసలు రాయడమే మానేశాను. నిశ్చితం-కారణం ప్రశ్నల్లో నాలుగు ఆప్షన్లూ ఎప్పుడూ ఒకే వరుసలో ఉంటాయి, పిల్లలకు ఆ వరుస అలవాటు, దాన్ని కదపకూడదు. ఒకే పటం కింద మూడు ప్రశ్నలుంటే ఆ మూడూ కట్టగా కదలాలి. ప్రశ్నల వరుస కూడా మొత్తం కలిపేయడం నాకు ఇష్టం ఉండదు, ఎందుకంటే డి సెట్ వచ్చిన పిల్లకి మొదటి ప్రశ్నే కొరకరానిదైతే ఆ పిల్ల అక్కడే చేతులెత్తేస్తుంది. తేలికవి తేలికవాటిలో, కష్టమైనవి వాటిలో వాటికే కలుపుతాను.

ఆప్షన్లు కలిపితే "మూడోది బి" అనే గుసగుస ఆగుతుంది. వారం తిరక్కుండా "మూడోది పన్నెండు" అనడం మొదలవుతుంది, మనవాళ్లేం తక్కువ తినలేదు కదా. అప్పుడు అంకెలే మార్చాలి. పదో తరగతి వర్గ సమీకరణాల్లో మూలాల మొత్తం అడిగే ప్రశ్న తీసుకోండి. గుణకాల్ని ర్యాండమ్‌గా వేస్తే విచక్షణి ఏదో వికారమైన సంఖ్య వస్తుంది, ఒక్కోసారి వాస్తవ మూలాలే ఉండవు. కాబట్టి ముందు మూలాల్ని ర్యాండమ్‌గా ఎంచుకుని వాటి నుంచి సమీకరణం కట్టాలి. 3, 7 వచ్చాయనుకుందాం: ఎక్స్ స్క్వేర్ మైనస్ 10 ఎక్స్ ప్లస్ 21. జవాబు 10, తప్పు ఆప్షన్లు మైనస్ 10, 21, మైనస్ 21. పిల్లలు నిజంగా చేసే తప్పులు ఇవే, గుర్తు మర్చిపోవడం, మొత్తానికి బదులు లబ్ధం రాయడం. బాగానే ఉంది కదా. ఇప్పుడు రెండు మూలాలూ 2 వచ్చాయనుకోండి. మొత్తం 4, లబ్ధమూ 4. ఒకే పేపర్లో రెండు సరైన జవాబులు! రుణ సంఖ్యల్ని కూడా రానిస్తే 5, మైనస్ 5 పడ్డప్పుడు మొత్తం సున్నా, ఇంకో ఆప్షన్ మైనస్ సున్నా, సమీకరణంలో "మైనస్ 0 ఎక్స్" అని ప్రింటవుతుంది. 3, మైనస్ 2 వస్తే "1 ఎక్స్" అని పడుతుంది. మొత్తం రుణమైతే రెండు మైనస్ గుర్తులు పక్కపక్కన. యంత్రానికి ఇవేవీ తప్పుగా తోచవు, కాబట్టి షరతులు మనమే రాయాలి: రెండు మూలాలూ ధన పూర్ణాంకాలు, సమానం కాకూడదు, రెండూ ఒకటికంటే పెద్దవి. ఈ షరతులుంటే మొత్తం, లబ్ధం ఎన్నడూ సమానం కావు, కావాలంటే బోర్డు మీద నిరూపించుకోండి, అదే ఒక మంచి లెక్క.

అంకెలు మార్చడంలో ఇంకో చిక్కు న్యాయం. ఒకడికి 2, 3 వస్తాయి, పక్కవాడికి 7, 8. రెండో వాడికి పని ఎక్కువే. స్లిప్ టెస్టులో నేను పట్టించుకోను. రికార్డులో ఎక్కే మార్కులైతే మాత్రం ఆప్షన్లు కలపడంతో సరిపెడతాను, అంకెల జోలికి వెళ్లను. ఈ విషయంలో మా స్టాఫ్‌రూమ్‌లో వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

ఇక తెలుగు. మన పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురు పేజీ తెలుగు కాబట్టి పేపర్ కూడా రెండు భాషల్లోనూ ఉండాలి. ఇక్కడ లేటెక్ రుణం తీర్చుకోలేను. ఒక కమాండ్ రాసుకున్నాను, దానికి ఇంగ్లీష్ ఆప్షన్, తెలుగు ఆప్షన్ జతగా ఇస్తాను, కలిపేటప్పుడు జతగానే కదులుతాయి. డీటీపీలో ఇంగ్లీష్‌లో బి జవాబైతే తెలుగులో డి అయిన సందర్భాలు మా జిల్లాలో చాలామంది చూసే ఉంటారు. మామూలు లేటెక్ ఇంజిన్‌తో తెలుగు కుదరదు, జీలేటెక్ (XeLaTeX) అనే ఇంజిన్‌తో రన్ చేయాలి. ఫాంట్ పిలిచే లైనులో లిపి తెలుగు అని చెప్పడం మర్చిపోతే ఒత్తులు విడిపోయి "రాష్ట్రం" ముక్కలు ముక్కలుగా వస్తుంది. లైన్ల మధ్య ఖాళీ కూడా ఇంగ్లీష్ కంటే కాస్త ఎక్కువ ఇవ్వాలి, లేకపోతే పై లైను ఒత్తులు కింది లైను గుడుల మీద కూర్చుంటాయి. ఫాంట్లకు లోటు లేదు, ఉచితంగా దొరికేవాటిలో గురజాడ, గిడుగు పేర్లతో కూడా ఉన్నాయి, మనవాళ్ల పేర్లే కదా అని ముందు అవే పెట్టి చూశాను. ప్రశ్నలకు మాత్రం మండలి వాడుతున్నాను, జిరాక్సులో అక్షరం బాగా తేలుతుంది. డీటీపీ వాళ్ల దగ్గరున్న పాత ప్రశ్నలు తెచ్చుకుందామంటే అవి అన్ని కంప్యూటర్లకూ ఒకేలా అర్థమయ్యే యూనికోడ్ అక్షరాలు కావు, కాపీ చేస్తే పిచ్చి గీతలొస్తాయి. మళ్లీ టైప్ చేసుకోవడమే. పనిలో పనిగా "క్రింది వానిలో సరియైనది గుర్తింపుము" లాంటివన్నీ "కింది వాటిలో ఏది సరైనది?" అని మార్చేశాను. పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామ్మూర్తి పంతులు గారి జిల్లాలో ఇంకా గుర్తింపుము ఏమిటండీ.

కాగితం ఖర్చు ఇంకో సంగతి. ఒక షీటు రెండు వైపులా సరిపోవాలి. వరుస మారితే ఒక్కో సెట్లో ప్రశ్న పేజీ చివర విరిగి మూడో పేజీకి జారుతుంది. అందుకని ప్రతి ప్రశ్ననీ దాని ఆప్షన్లతో కలిపి విరగని డబ్బాలో పెట్టి, ఆప్షన్లలో అన్నిటికంటే పొడవైనదాన్ని కొలిపించి, పొట్టివైతే నాలుగూ ఒకే లైన్లో, కొంచెం పొడవైతే రెండేసి, మరీ పొడవైతే ఒక్కొక్కటీ వచ్చేలా పెట్టుకున్నాను. ఈ కొలిచే పని లేటెక్ తనే చేసుకుంటుంది. ఒకసారి రాసుకున్నాక ఇక దాని గురించి ఆలోచించిందే లేదు.

ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర జిరాక్స్ షాపులో నాలుగు సెట్లూ ఇస్తే షాపతను తిరగేసి, "ఏటి మేస్టారూ, నాలుగూ ఒకటే పేపరు కదండీ, ఒకటే తీసేస్తే పోలా?" అన్నాడు. నిజమే, పైపైన చూస్తే అంతా ఒకటే. అప్పటి నుంచి కుడివైపు పైన సెట్ అక్షరం నల్లటి డబ్బాలో పెద్దగా వేస్తున్నాను. పీడీఎఫ్ కూడా సీట్ల వరుసలోనే పేర్చి ఇస్తాను, ఎ-బి-ఎ, సి-డి-సి, అలా. కట్ట తీసుకుని మొదటి బెంచీ నుంచి పంచుకుంటూ పోవడమే, ఏ సెట్ ఎవరికి అని టెన్షన్ పడక్కర్లేదు.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకు: లేటెక్ మొత్తం సరంజామా ఉన్న టెక్ లైవ్ పూర్తిగా దించుకోవాలంటే కొన్ని జీబీలు పడుతుంది, స్కూల్ నెట్‌తో ఆ పని పెట్టుకోకండి. మిక్‌టెక్ అయితే అవసరమైన ప్యాకేజీలనే అప్పటికప్పుడు తెచ్చుకుంటుంది. ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా బ్రౌజర్‌లోనే చూడాలంటే ఓవర్‌లీఫ్ ఉంది, సెట్టింగ్స్‌లో ఇంజిన్ జీలేటెక్‌కి మార్చుకోవడం మర్చిపోవద్దు. జవాబు పత్రాలు స్కాన్ చేసి దిద్దడం కూడా కంప్యూటర్‌కే అప్పగించాలంటే ఆటో మల్టిపుల్ చాయిస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అదీ లేటెక్ మీదే నడుస్తుంది. మాకు స్కానర్ లేదు కాబట్టి నేను ఎర్ర పెన్నుతోనే.

ఇప్పుడు మా ఫిజిక్స్ మాస్టారు పట్టుకున్నారు, సమాంతర నిరోధాల లెక్కలు ఇలాగే కావాలని. సర్క్యూట్ బొమ్మలు గీయడానికి ప్యాకేజీ ఉంది, బొమ్మలో అంకె కూడా సెట్‌ని బట్టి మారుతుంది, అది సులువే. నిరోధాలు ర్యాండమ్‌గా వేస్తే మాత్రం ఫలితం ఏ 2.7272 లోనో తేలుతుంది. అందుకే ర్యాండమ్ అంకెలు వద్దు, జతలు ఇవ్వండి, వాటిలోంచి ఎంచుకునేలా చేస్తానన్నాను. ఆయన అక్కడికక్కడే రాసిచ్చారు: 3, 6 అయితే 2. 4, 12 అయితే 3. 6, 12 అయితే 4. 10, 15 అయితే 6. సెట్‌కి ఒకటి, నాలుగు సెట్లకూ సరిపోయాయి.