‘గ్యాస్ అయిపోయింది’ అనడం మానేశాను

పోయిన వారం లైసెన్స్ చేతికొచ్చింది. హీటింగ్, కూలింగ్ కాంట్రాక్టర్‌గా ఇక పని నా పేరు మీదే ఒప్పుకోవచ్చు, బిల్లూ నా పేరు మీదే వేయొచ్చు. పదకొండేళ్లు ఒకరి కింద పనిచేశాక, రెండో ప్రయత్నంలో పాసయ్యాను. మొదటిసారి ఎందుకు తప్పానో చెబితే ఇదే దారిలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

రూల్స్ ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. కానీ లైసెన్స్ తప్పనిసరి అయిన చోట్ల సాధారణంగా అనుభవం, దానికి రుజువు, పరీక్ష, ఇన్సూరెన్స్ అడుగుతారు. వీటిలో నన్ను బాగా తిప్పింది ఆ రుజువే. మొదటి నాలుగేళ్ల పనికి నా దగ్గర ఒక్క కాగితం కూడా లేదు, పాత చోట్లకు వెళ్లి సంతకాలు పెట్టించుకోవడానికే రెండు నెలలు పట్టింది. ఇంకా హెల్పర్‌గా ఉన్నా సరే, ఏ రోజు ఏ పని చేశారో ఇవాళ్టి నుంచే ఒక డైరీలో రాసుకోండి.

ఇక పరీక్ష. పని వచ్చు కదా, చదివేదేముంది అనుకుని వెళ్లాను. పైపు వంచడం, బ్రేజింగ్ (రాగి పైపుల్ని వేడిచేసి లోహం కరిగించి అతకడం), వైరింగ్ అన్నీ నిద్రలో లేపి అడిగినా చేస్తాను. అక్కడ అడిగింది మాత్రం ‘ఎలా’ అని కాదు, ‘ఎందుకు’ అని. బ్రేజింగ్ చేసేటప్పుడు పైపులోకి నైట్రోజన్ ఎందుకు వదలాలి? వదలకపోతే రాగి లోపలివైపు నల్లగా పొరలు కట్టి, అవి ఊడి వెళ్లి, సన్నటి దారి ఉండే ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లో ఇరుక్కుంటాయి. వాక్యూమ్ ఎందుకు పెట్టాలి, అంటే గ్యాస్ నింపే ముందు పైపుల్లో ఉన్నదంతా పంపుతో ఎందుకు లాగెయ్యాలి? గాలి తీసెయ్యడానికి అని రాశాను, అది సగం జవాబే. లోపల చిక్కుకున్న తేమ కూడా పోవాలి, ఎందుకంటే ఆ తేమ కంప్రెసర్ ఆయిల్‌తో కలిస్తే యాసిడ్ తయారై మోటార్ వైండింగ్‌ని తినేస్తుంది. 25 డిగ్రీల వేడిలో నీళ్లు మరగాలంటే ప్రెషర్ సుమారు 24,000 మైక్రాన్లకు (వాక్యూమ్‌లో ప్రెషర్‌ని కొలిచే కొలత) దిగాలి, మనం ఇంకా చాలా కిందికి, 500 దాకా లాగేది తేమ పూర్తిగా పోవాలనే. నేనేమో అన్నేళ్లూ మైక్రాన్ గేజ్ పెట్టకుండా ‘అరగంట పంప్ ఆడించాం, చాల్లే’ అని వదిలేసినవాణ్ణి. చదువుతుంటే ఎన్ని కంప్రెసర్లు నా వల్ల త్వరగా పోయి ఉంటాయో అని నిజంగా బాధేసింది.

అంతకంటే బాధపెట్టింది గ్యాస్ సంగతి. ఒక పెద్దావిడ ఇంట్లో మూడేళ్లు వరుసగా ఎండాకాలం రాగానే వెళ్లి ఏసీలో గ్యాస్ నింపి వచ్చాను. “ప్రతి ఏడూ అయిపోతుందా బాబూ?” అని అడిగితే, అవునమ్మా, అయిపోతుంది అన్నాను. అయిపోదు. అది బండిలో పెట్రోల్ కాదు. లోపలి కాయిల్‌లో ఆవిరై వేడి లాక్కుని, బయటి కాయిల్‌లో మళ్లీ ద్రవమై ఆ వేడిని వదిలేస్తూ అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఆర్-410ఏ అనే ఏసీ గ్యాస్ అయితే ఒక్క కిలో గాల్లో కలిస్తే భూమిని వేడెక్కించడంలో రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. గ్యాస్ పట్టుకోవడానికి విడిగా సర్టిఫికెట్ ఎందుకు అడుగుతారో అప్పుడు అర్థమైంది.

పరీక్షలో బిజినెస్ పేపర్‌ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, దయచేసి అలా చేయకండి. వంద ఖర్చయిన పనికి ఇరవై కలిపి నూట ఇరవై తీసుకుంటే లాభం ఇరవై శాతం అనుకునేవాణ్ణి. వచ్చిన డబ్బు మీద లెక్కిస్తే అది పదహారున్నర చిల్లరే, నిజంగా ఇరవై శాతం మిగలాలంటే నూట పాతిక తీసుకోవాలి. ఇది తెలియకే, పని చేతినిండా ఉన్నా మూతపడిన షాపులు చూశాను.

లైసెన్స్ వచ్చాక నేను వెళ్లిన మొదటి ఇల్లు ఆ పెద్దావిడదే. మిగిలిన గ్యాస్‌ని సిలిండర్‌లోకి తీసి, నైట్రోజన్ ఎక్కించి, జాయింట్లకు సబ్బునీళ్లు రాశాను. అవుట్‌డోర్ యూనిట్ దగ్గర ఫ్లేర్ (గరాటులా వెడల్పు చేసిన పైపు చివర) బిగించే నట్ కింద ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ఆవిడని పిలిచి చూపించి, “తప్పు నాదేనమ్మా, అప్పుడే వెతకాల్సింది” అన్నాను. ఫ్లేర్ కోసేసి కొత్తగా వేశాను. వాక్యూమ్ పెట్టి వాల్వ్ మూసి, పది నిమిషాలు గేజ్ ముందే కూర్చున్నాను. లీకుంటే అంకె ఆగకుండా పెరుగుతూ పోతుంది, తేమ ఉంటే కొంత పెరిగి ఆగుతుంది. 380 మైక్రాన్ల దగ్గర మూశాను, 410కి వచ్చి అక్కడే నిలబడింది. ఆ రెండు అంకెలూ బిల్లు మీద రాసి, గ్యాస్‌కి మాత్రమే డబ్బు తీసుకున్నాను.