ఫోన్ రూట్ అయింది, టీ అప్పయింది

ఫోన్‌ని రూట్ చేద్దామని, అంటే దాని మీద సర్వాధికారాలూ నా చేతికి తెచ్చుకుందామని, కంప్యూటర్‌కి తగిలించాను. 'వెయిటింగ్ ఫర్ ఎనీ డివైస్' అని కంప్యూటర్ తెర మీద అలాగే ఉండిపోయింది. 40 నిమిషాలు. కంప్యూటర్లో ఫోన్‌ని గుర్తుపట్టే డ్రైవర్ సాఫ్ట్‌వేర్లు రెండుసార్లు తీసి మళ్లీ వేశాను. చివరికి చూస్తే ఆ కేబుల్ ఛార్జింగ్‌కే తప్ప డేటాకి పనికిరాదు!

మా విజయనగరంలో మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర కొత్త కేబుల్ కొనుక్కొచ్చాను. వెంటనే ఫోన్‌ని పట్టింది. బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేస్తే ఫోన్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుందని తెలుసు. ఫొటోలు ముందే దించుకున్నాను. వాట్సాప్ చాట్లు మర్చిపోయాను. సరే, పోనీ.

మ్యాజిస్క్ అనే రూటింగ్ యాప్‌తో ప్యాచ్ చేసిన బూట్ ఇమేజ్‌ని, అంటే ఫోన్‌ని మొదలెట్టే ఫైల్‌ని, ఫాస్ట్‌బూట్ అనే టూల్‌తో కంప్యూటర్ నుంచి ఎక్కించడానికి కొన్ని సెకన్లే పట్టింది. కమాండ్లు కొట్టే షెల్‌లో 'ఎస్‌యూ' కొట్టగానే డాలర్ గుర్తు పోయి హ్యాష్ గుర్తొచ్చింది. అంటే రూట్ అయిపోయినట్టే. గంతేశానంటే నమ్మండి. ఎవరికైనా చూపిద్దామంటే ఇంట్లో అమ్మ ఒక్కతే.

"ఏటిరా, ఫోన్ బాగైపోనాదా?"

అసలు పాడైతే కదా!

సాయంత్రం గంటస్తంభం దగ్గర టీ తాగి పేమెంట్ యాప్ తెరిచాను. రూట్ చేసిన ఫోన్లో పనిచెయ్యనని మొహం మీదే చెప్పేసింది. నా ఫోన్ మీద సర్వాధికారాలూ నావే, పది రూపాయలు మాత్రం పంపలేను. జేబులో చిల్లర కూడా లేదు.

"రేపిద్దువులే బాబూ" అన్నాడు టీ కొట్టాయన.