గేజ్ 15 చూపిస్తున్నా స్టెరైల్ కాని గాజు సామాను: ఆటోక్లేవ్‌తో నా అనుభవం

నిన్నటికి నా కంట్రోల్ ప్లేట్లు శుభ్రంగా వచ్చాయి. ఏ కల్చరూ వేయకుండా ఇంక్యుబేటర్‌లో ఉంచిన ప్లేట్లలో ఒక్క కాలనీ (సూక్ష్మజీవులు పెరిగి కట్టిన మచ్చ) కూడా లేదు. ఇన్నాళ్లూ పడ్డ మాటలు ఇంకా చెవుల్లో ఉన్నాయి కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

నేను ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ రెండో సంవత్సరం. ప్రాజెక్టుకి కావలసిన ఫ్లాస్కులు, పిపెట్లు, పెట్రీ ప్లేట్లు ఎవరివి వాళ్లే స్టెరిలైజ్ చేసుకోవాలి, అంటే ఒక్క సూక్ష్మజీవి కూడా బతికి ఉండకుండా చేసుకోవాలి. కడగడం, డిస్టిల్డ్ వాటర్‌తో తొలవడం, దూది బిరడాలు పెట్టి బ్రౌన్ పేపర్ చుట్టి దారం కట్టడం ఒక్క పూటలో వచ్చేస్తాయి. దూది మాత్రం నీళ్లు పీల్చని రకమే కొనండి. మందుల షాపులో దొరికే మామూలు దూది ఆవిరికి తడిసి ముద్దవుతుంది, తడి బిరడాలోంచి సూక్ష్మజీవులు లోపలికి దిగుతాయి. వేడికి తట్టుకునే బోరోసిలికేట్ గాజు తప్ప వేరేది పెట్టకండి. సన్నగా బీట పడిన ఫ్లాస్కు కనిపిస్తే పక్కన పడేయండి.

అసలు కథ ఆటోక్లేవ్ దగ్గర, అంటే ప్రెజర్‌లో ఆవిరితో సామాను స్టెరిలైజ్ చేసే పెద్ద కుక్కర్ లాంటి యంత్రం దగ్గర, మొదలైంది. మా లాబ్‌లో ఉన్నది నిలువు రకం. అడుగున హీటర్ కాయిల్, దాన్ని ముంచుతూ నీళ్లు, పైన జాలీ బుట్ట, మూత చుట్టూ బిగించే నట్లు. ప్రెజర్ గేజ్ ఉంది కానీ థర్మామీటర్ లేదు. గోడ మీద ‘15 పౌండ్లు, 20 నిమిషాలు’ అని (పౌండ్లంటే చదరపు అంగుళానికి ప్రెజర్) రాసిన కాగితం ఎప్పటిదో. అటెండర్ గారు మూత బిగించగానే ఆవిరి వాల్వ్ మూసేసేవారు. "ఇలా అయితే ప్రెజర్ తొందరగా ఎక్కుతుందమ్మా, గదంతా ఆవిరి నిండదు" అనేవారు. సీనియర్లందరూ అలాగే చేశారు, మాకూ అలాగే నేర్పారు.

ప్లేట్లలో కాలనీలు రావడం మొదలైంది. తెల్లగా, ముడతలు పడ్డట్టు, అంచులు ఎగుడుదిగుడుగా ఉండేవి. మళ్లీ చేశాను, మళ్లీ అవే. ఇన్‌ఛార్జ్ మేడమ్ జూనియర్ల ప్రాక్టికల్ జరుగుతుండగా నన్ను పిలిచి చేతులు చాపమన్నారు. గోళ్లు చూశారు. "శుభ్రత ఇంట్లో నేర్పాలి, కాలేజీలో కాదు" అన్నారు. బెంచీల చుట్టూ పిల్లలంతా నిలబడి చూస్తున్నారు. మా అమ్మను అన్నట్టే అనిపించింది. ఆ రోజు హాస్టల్‌కి వెళ్లి అన్నం తినలేదు. ప్రాజెక్టు మార్కులు ఆవిడ చేతిలోనే ఉన్నాయన్న టెన్షన్‌తో నోరు విప్పలేదు. సైన్సు చదువు చెప్పేవాళ్లు కారణం వెతక్కముందే మనిషిని పట్టుకోవడం చాలా తప్పు. ఈ మాట ఎంతమంది ముందైనా అంటాను.

మర్నాడు ఆ కాలనీలకు గ్రామ్ స్టెయిన్ (బ్యాక్టీరియాకు రంగు వేసి రకం గుర్తించే పరీక్ష) చేశాను. అన్నీ గ్రామ్ పాజిటివ్ కడ్డీ ఆకారపు బ్యాక్టీరియా, లోపల స్పోర్లు (వేడిని తట్టుకుని బతికే గట్టి రూపాలు). నా చేతుల నుంచి వచ్చి ఉంటే చర్మం మీద ఉండే గుండ్రటి కాకైలు, స్టెఫైలోకాకస్ లాంటివి, ఎక్కువగా కనిపించాలి. ప్రతిసారీ స్పోర్లు కట్టే కడ్డీ బ్యాక్టీరియా బాసిల్లస్ మాత్రమే మిగులుతోందంటే వేడి చాలలేదేమోనని అనుమానం వచ్చింది. దుమ్ములోంచి కూడా బాసిల్లస్ రావచ్చు, అందుకని అక్కడితో ఆగలేదు.

పాఠ్యపుస్తకం తీస్తే విషయం తేలింది. స్పోర్లను చంపేది ప్రెజర్ కాదు, 121 డిగ్రీల ఆవిరి. లోపలి గాలి మొత్తం పోయి శుద్ధమైన ఆవిరి నిండితేనే 15 పౌండ్ల దగ్గర 121 డిగ్రీలు వస్తుంది. సగం గాలి ఉండిపోతే అదే 15 పౌండ్ల దగ్గర 112 డిగ్రీలే. గాలి అసలు వదలకపోతే 100 డిగ్రీలు. గేజ్‌కి గాలికీ ఆవిరికీ తేడా తెలియదు. ఇంట్లో కుక్కర్‌కి ఆవిరి ధారగా వచ్చాకే అమ్మ వెయిట్ పెడుతుంది. మా లాబ్‌లో ఆ పనే మానేశారు.

నోటితో చెబితే ఎవరూ వినరని తెలుసు. హైదరాబాద్‌లో ఒక ఫార్మా కంపెనీ క్యూసీలో (నాణ్యత పరీక్షల విభాగంలో) చేసే మా సీనియర్ అక్కని అడిగి స్పోర్ ఆంప్యూళ్లు (మూసి ఉన్న చిన్న గొట్టాలు) తెప్పించుకున్నాను. వాటిలో జియోబాసిల్లస్ స్టీరోథెర్మోఫిలస్ స్పోర్లు ఊదారంగు మీడియంలో (సూక్ష్మజీవులు పెరగడానికి ఇచ్చే ఆహారంలో) ఉంటాయి. బతికుంటే పెరిగి మీడియం పసుపు రంగుకి మారుతుంది. ఒకటి మామూలు పద్ధతిలో, ఒకటి ఆవిరి ఆగకుండా ధారగా వచ్చాక కూడా కాసేపు వదిలి వాల్వ్ మూసి, రెండూ 20 నిమిషాలు నడిపాను. ఇంకొకటి అసలు వేడి చేయలేదు. మూడూ 56 డిగ్రీల దగ్గర ఉంచితే మొదటిదీ, వేడి చేయనిదీ పసుపుగా మారాయి. గాలి వదిలినది మాత్రం ఊదాగానే ఉంది. మూడింటినీ తీసుకెళ్లి మేడమ్ బల్ల మీద పెట్టాను. ఆవిడ చూసి "సరే, ఇక నుంచి అలా చెయ్యండి" అన్నారు. నా గోళ్ల గురించి అన్న మాట వెనక్కి తీసుకోలేదు. మా డిపార్ట్‌మెంట్‌లో దీన్ని తేల్చింది నేనేనని గర్వంగా చెప్పుకుంటాను.

సామాను మీద అంటించే, వేడికి చారలు తేలే ఆటోక్లేవ్ టేపుని నమ్ముకుని కూర్చోకండి. నల్ల చారలు వచ్చాయంటే ఆ సామాను వేడి చూసిందని మాత్రమే, లోపల స్పోర్లు చచ్చాయని కాదు. ఖాళీ ఫ్లాస్కులను నిటారుగా పెడితే ఆవిరి కంటే బరువైన గాలి వాటి అడుగునే ఉండిపోతుంది. పక్కకు పడుకోబెట్టండి, లేదా ఒక చెంచా డిస్టిల్డ్ వాటర్ పోసి బిరడా పెట్టండి. బుట్ట కుక్కి నింపకండి. స్క్రూ మూతల సీసాలైతే మూత ఒక చుట్టు వదులుగా ఉండాలి, లేకపోతే పగులుతాయి. మీడియం పోసిన ఫ్లాస్కులను ఖాళీ గాజు సామానుతో కలిపి పెట్టకండి. వాటిలో ప్రెజర్ నెమ్మదిగా దిగాలి. తొందరపడి వాల్వ్ తెరిస్తే మీడియం ఒక్కసారిగా పొంగి బిరడాలను తోసేస్తుంది.

మూత తీసే ముందు గేజ్ సున్నాకి వచ్చిందో లేదో చూసి, వాల్వ్ తెరిచి ఆవిరి రావడం లేదని కూడా చూసుకోండి. నట్లు ఎదురెదురువి జతలుగా వదులు చేయండి. మొహం వెనక్కి పెట్టి, మూత అవతలి అంచు ముందు లేచేలా ఎత్తండి. మందపాటి గ్లవ్స్ లేకుండా బుట్ట ముట్టుకోకండి, ఎంత తొందరున్నా సరే. బయటికి తీసిన సామాను చుట్టిన పేపర్ తడిగా ఉంటే ఓవెన్‌లో ఆరబెట్టాకే బీరువాలో పెట్టండి, మీద తేదీ రాయండి.