గుణదల కొండ మీద, విభూదికి వారం ముందు

బెజవాడ గుణదల కొండ మీద మరియమాత తిరునాళ్ళు ఎప్పుడూ ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లోనే. ఈస్టర్ ముందటి నలభై రోజుల తపస్కాలాన్ని మొదలుపెట్టే విభూది బుధవారం అలా కాదు, ఈస్టర్ ఎటు జరిగితే అది కూడా అటే జరుగుతుంది. ఒక్కో ఏడు మార్చిలోకి పోతుంది, ఒక్కో ఏడు తిరునాళ్ళ పందిళ్ళు విప్పీ విప్పకముందే వచ్చేస్తుంది. 2026లో ఫిబ్రవరి 18న పడింది. మాత పండుగ అయిన సరిగ్గా వారానికి తపస్కాలం మొదలన్నమాట. ఇంట్లో గోడకున్న మా విచారణ (చర్చి) క్యాలెండర్‌లో ఆ రెండు గడులూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. హైదరాబాద్‌లో రైలెక్కినప్పటి నుంచీ నా మనసు వాటి చుట్టూనే తిరిగింది.

మా పిన్నిది గుడివాడ పక్కన పల్లె. మోకాళ్ళు అరిగిపోయాయి, మార్పిడి చేయించుకోవాలని డాక్టర్లు చెప్పేశారు. "కొండెక్కి వచ్చాక చూద్దాంలే" అంటుంది. "ఎక్కలేవనే కదా పిన్నీ ఆపరేషన్ అంటోంది" అంటే, "నువ్వు చెయ్యి పట్టుకుంటే ఎక్కనా ఏంటే" అంది. ఆ మాటకు ఎదురు చెప్పలేం. పదో తేదీ సాయంత్రం బెజవాడలో కలుసుకున్నాం.

తిరునాళ్ళప్పుడు ఏలూరు రోడ్డు మీదికి బండ్లను వదలరు. ఆటోవాడు పడవల రేవు దాకా కూడా రాకుండానే దించేశాడు. అక్కడి నుంచి నడకే. రోడ్డుకు రెండు వైపులా కొవ్వొత్తులు, కొబ్బరికాయలు, జపమాలలు, మొక్కుకుని మెడలో వేసుకునే ఉత్తరీయాలు, వాటి పక్కనే జీళ్ళు, ఖర్జూరం, ప్లాస్టిక్ బూరలు. ఆ బూరలు ఊదే పిల్లలకు అలుపనేదే లేదు. గుండు చేయించుకుని పసుపు, గంధం రాసుకున్నవాళ్ళు ఎదురొస్తుంటే పిన్ని ప్రతి ఒక్కరికీ దారిచ్చింది.

మా ఆఫీసులో ఒకావిడ అడిగింది, "మీరు కూడా తలనీలాలు ఇస్తారా, కొబ్బరికాయ కొడతారా?" అని. ఇస్తాం, కొడతాం. ఆవిడ మన క్రైస్తవురాలే, వేరే సంఘం. అడిగిన తీరులో కాస్త ఎత్తిపొడుపు ఉంది కానీ నాకేం కష్టం అనిపించలేదు. కృష్ణా జిల్లా మనిషి పెద్ద మొక్కు మొక్కితే జుట్టే ఇస్తాడు, ఇంకేం ఇస్తాడు? దేవుడికి ఇవ్వడం వీళ్ళకు తెలిసిన తీరు అది. ఆ కొండకు వచ్చేవాళ్ళలో సగానికి పైగా మన మతం కానివాళ్ళే ఉంటారేమో అనిపిస్తుంది నాకు. వాళ్ళను చూసి మాత మొహం తిప్పుకుందని ఎవరూ చెప్పలేదు.

మెట్ల దగ్గర పిన్ని జపమాల తీసింది. ఆరోజు మంగళవారం, దుఃఖ దేవరహస్యాలు, అంటే క్రీస్తు శ్రమల్లోని ఐదు ఘట్టాలు, ఒక్కోదానికి పది మరియ వందనాలు. పాత పద్ధతిలోనే చెబుతుంది: "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా వందనము, ఏలినవారు మీతో ఉన్నారు..." నేను అందుకుని, "పరిశుద్ధ మరియమ్మా, సర్వేశ్వరుని యొక్క మాతా" అంటాను. ఆవిడ సగం మెట్టు మీద అంటే నేను మిగతా సగం పై మెట్టు మీద. పది అయ్యాక ఆగి, రెయిలింగ్ పట్టుకుని, తల వంచి త్రిత్వ స్తోత్రం, పిత పుత్ర పవిత్రాత్మలకు మహిమ చెప్పే చిన్న జపం. మాల మొత్తంలో యాభై మూడు మరియ వందనాలు. హైదరాబాద్‌లో సోఫాలో కూర్చుని చెబితే ముప్ఫై దాటేసరికి నా బుద్ధి గ్యాస్ బుకింగ్ దగ్గరికో, మర్నాటి మీటింగ్ దగ్గరికో పోతుంది. ఇక్కడ పోలేదు. పక్కన నొప్పితో ఊపిరి బిగబట్టే మనిషి ఉంటే "మా కొరకు ప్రార్థించండి" అన్న మాట ఊరికే పెదవి మీద నుంచి జారిపోదు.

త్రిత్వ స్తోత్రం దగ్గర పిన్ని అలా ఆగినప్పుడల్లా లూర్దు గుర్తొచ్చింది. ఫ్రాన్సులోని ఆ ఊళ్ళో కనిపించిన మరియమాతే మన గుణదల మాత, మాత పండుగ ఆ మొదటి దర్శనం రోజుకే. 1858 ఫిబ్రవరి 11, గురువారం. బెర్నదెత్త పద్నాలుగేళ్ళ పిల్ల, ఉబ్బసం మనిషి. మిల్లు పోగొట్టుకున్న తండ్రి, ఒకప్పటి జైలు గదిలో కాపురం. చెల్లెలితో, ఇంకో పిల్లతో కలిసి మస్సబియెల్ గుహ వైపు పుల్లలేరుకోవడానికి వెళ్ళింది. గుహలో ఒక అమ్మ కనబడితే భయపడి జపమాల తీసింది. ఆ అమ్మ చేతిలోనూ మాల ఉంది. పూసలు కదులుతున్నాయి గానీ మరియ వందనాలకు పెదవి కదపలేదట. త్రిత్వ స్తోత్రం వచ్చినప్పుడు మాత్రం తానూ గొంతు కలిపింది. తన వందనం తానే ఎలా చెప్పుకుంటుంది మరి!

ఆ మొదటి రోజు ఆ అమ్మ ఒక్క మాటా చెప్పలేదు. నన్ను పట్టుకున్న విషయం ఇదే. ఆ ఏడు విభూది బుధవారం ఫిబ్రవరి 17. ఆ అమ్మ నోరు విప్పింది 18న, అంటే తపస్కాలం మొదలైన మర్నాడు. పదిహేను రోజులు ఇక్కడికి వస్తావా అని అడిగింది. ఈ లోకంలో కాదు, పరలోకంలో నిన్ను సుఖపెడతానంది. 24న చెప్పిన మాట పశ్చాత్తాపం, పశ్చాత్తాపం, పశ్చాత్తాపం. మర్నాడు బురద తవ్వి తాగమంది. పిల్ల మొహం నిండా బురద, జనం పిచ్చిదన్నారు. మనం సీసాల్లో పట్టుకొచ్చి అలమరలో దాచుకునే లూర్దు నీళ్ళు ఆ బురదలోంచి వచ్చినవే. తన పేరు చెప్పింది మార్చి 25న, క్రీస్తుకు తల్లివవుతావని దేవదూత మరియమ్మకు చెప్పిన మంగళవార్త పండుగనాడు: అమలోద్భవినని, అంటే జన్మపాపం అంటకుండా పుట్టినదాన్నని. తొమ్మిదో పూజ్య భక్తినాథ పాపుగారు (పోప్ తొమ్మిదో పయస్) ఆ విశ్వాస సత్యాన్ని ప్రకటించి అప్పటికి నాలుగేళ్ళు కూడా నిండలేదు, ఆ పిల్లకేమో ఆ మాటకు అర్థమే తెలియదు. పాస్కా (ఈస్టర్) వారంలో ఒకసారి కనిపించింది. ఆఖరుసారి జులై 16న, కర్మెలు మాత పండుగనాడు. పద్దెనిమిది దర్శనాలు, ఐదు నెలలు. ఇప్పటి దైవార్చన సంవత్సరం (చర్చి పూజల ఏడాది) లెక్కలో సామాన్య కాలం, తపస్కాలం, పాస్కా, మళ్ళీ సామాన్య కాలం, అన్నిటి గుండా నడిచిన కథ. మనం మాత్రం మొదటి రోజుకే తిరునాళ్ళు చేసి ఇంటికెళ్ళిపోతాం. అడగాల్సింది ఆ మూడు రోజుల్లో అడిగేస్తాం. ఆవిడ అడిగిందంతా తపస్కాలంలో ఉంది, అప్పటికి కొండ మీద జనం ఉండరు.

ఈ కొండ మీది మాత గుహ దాకా మేం వెళ్ళలేకపోయాం. ముందు బారికేడ్, వెనక తోపులాట. నాలుగో దేవరహస్యం మధ్యలోనే పిన్ని మోకాలు మొరాయించింది. ఒక మలుపులో గట్టు మీద కూర్చోబెట్టాను. అక్కడి నుంచి మాత స్వరూపం తలల మధ్య చిన్నగా, నీలం నడికట్టు మాత్రం తేటగా కనిపిస్తోంది. ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ ఆర్లాటి 1924లో కింద అనాథ పిల్లల సంస్థ చూసుకుంటూ ఈ కొండ మీద మాతను నిలిపారు. 1933లో పైన ఇనుప సిలువ వేశారు. బెర్నదెత్తను పునీతురాలిగా ప్రకటించిందీ ఆ ఏడే, డిసెంబరు 8న. పిన్నికి ఇవన్నీ తెలుసు, వాళ్ళ నాన్న చెప్పేవాడట.

"ఇంత దూరం వచ్చి దగ్గరికి పోలేకపోయామే" అంది. అప్పుడు జులై 16 సంగతి చెప్పాను. అధికారులు గుహను చెక్కలతో మూసేయించారు. బెర్నదెత్త గావ్ నదికి అవతలి ఒడ్డున పచ్చికలో మోకరించి, అక్కడి నుంచే చూసింది. అన్నిసార్ల కంటే ఆరోజే అందంగా కనిపించిందని తరువాత చెప్పింది. పిన్ని కాసేపు ఆలోచించి, "ఆ పిల్లకు మోకాళ్ళు బాగానే ఉండుంటాయిలే" అని, మిగిలిన దేవరహస్యం మొదలుపెట్టింది.

నిజానికి ఆ పిల్లకు మోకాలూ బాగుండలేదు. తరువాత నెవేర్ మఠంలో చేరింది, మోకాలి పుండుతో, క్షయతో మంచాన పడి 1879లో ముప్ఫై అయిదేళ్ళకే పోయింది. లూర్దులో బాగయ్యామని చెప్పుకున్నవాళ్ళు వేలమంది ఉన్నారు, తిరుసభ (కతోలిక సంఘం) అద్భుతాలుగా ఒప్పుకున్నవి డెబ్బై చిల్లర. ఊట చూపించిన మనిషి ఆ లెక్కలో లేదు. ఇది పిన్నికి ఆ గట్టు మీద చెప్పలేదు, చెప్పాలనిపించలేదు.

పదకొండో తేదీ పొద్దున మైదానంలో సమష్టి దివ్యబలిపూజ. తెల్లని పూజావస్త్రాల్లో గురువులు, ముందు వరసల్లో చక్రాల కుర్చీలు. 1992లో రెండో జాన్ పాల్ పాపుగారు ఈ తేదీనే ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా నిర్ణయించారు కాబట్టి ప్రసంగంలో ఆ మాటా వచ్చింది. అంత జనంలో సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) అందరికీ ఎలా అందుతుందా అనుకున్నాను. గొడుగు పట్టుకుని గురువులు జనంలోకే వచ్చేశారు. అందుకు ముందే పిన్ని పాపసంకీర్తనానికి, అంటే గురువు దగ్గర పాపాలు చెప్పుకోవడానికి, వరసలో నిలబడింది, కుర్చీ ఇస్తామన్నా వద్దంది. "ఏం పాపాలు చేశావు పిన్నీ నువ్వు" అంటే "నీకెందుకే" అంది.

18న హైదరాబాద్‌లో ఆఫీసుకు వెళ్ళే ముందే గుడికెళ్ళి విభూది పెట్టించుకున్నాను. నిరుడు ఈస్టర్‌కు ముందటి మ్రానికొమ్మల ఆదివారంనాడు ఊపిన ఆకులే కాల్చి చేసిన బూడిద. మట్టివి, మట్టిలో కలుస్తావు అని ఫాదర్ గారు నుదుట సిలువ గీస్తుంటే రాలిన బూడిద కళ్ళజోడు మీద పడింది. పక్కన పడ్డది తుడిచాను గానీ నుదుటిది తుడవలేదు. లిఫ్టులో ఒకాయన ఏదో అంటుకుందని సైగ చేశాడు. తెలుసండీ అన్నాను.

రాత్రి పిన్నికి ఫోన్ చేశాను. ఉపవాసం ఉందట. మాత్రలు వేసుకోవాలి కదా అంటే, గంజి తాగి వేసుకున్నానంది. శుక్రవారాలు సిలువ మార్గానికి ఊళ్ళో జపాలు చెప్పించే ఉపదేశి గారు బండి మీద దింపుతానన్నారట. క్రీస్తు సిలువ మోసిన దారిని తలుచుకునే పద్నాలుగు స్థలాల్లోనూ మోకరించడం కుదరదు, నిలబడే చెబుతానంది. ఆపరేషన్ సంగతి అడిగితే ఈస్టర్ అయ్యాక డేటు ఇమ్మన్నానంది. నేను నమ్మలేదు, చిన్నాన్న ఫోన్ లాక్కుని "నిజమే, ఏప్రిల్‌లో" అన్నాడు.

మళ్ళీ పిన్నే ఫోన్ తీసుకుంది. జులై 16కి ఫిరంగిపురంలో కర్మెలు మాత కొండకు వెళ్దామంది. అప్పటికి కొత్త మోకాలు పెట్టించుకుని మూడు నెలలైనా నిండవు, డాక్టరు ఒప్పుకోడన్నాను. "అయితే కిందే కూర్చుంటాం. నువ్వు చెప్పిన పిల్ల ఏటికి అవతలి నుంచి చూడలేదూ!" అని, టికెట్లు ముందే చూడమంది.